విరిగిన పన్ను

ఆ టూత్‌పేస్టు ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ కుదురమ్మ అనేవాళ్లు. కుదురన్నది ఒంట్లో ఏ మూలా లేదు కాబట్టి ఆ పేరు పెట్టారు. భోజనం నిలబడే చేసేది, ఫోను నడుస్తూనే మాట్లాడేది. బస్సులో సీటు దొరికినా రెండు స్టాపుల ముందే లేచి తలుపు దగ్గర నిలబడేది. లారీ నడిపే భర్త ఇంటికొచ్చినప్పుడల్లా, నువ్వు ముందు లేస్తే బస్సు ముందు చేరుతుందా అని ఎగతాళి చేసేవాడు. కాళ్లు నా మాట వినకపోతే నన్నేం చెయ్యమంటావని ఆవిడ ఎదురు దెబ్బలాడేది.

పేస్టు కలిపే గది ఆవిడది. గది మధ్యలో మనిషి ఎత్తుకు మించిన స్టీలు పాత్ర. దాని మూతలోంచి లావుపాటి ఇరుసు కిందికి దిగుతుంది. ఇరుసు కొసన పళ్ల చక్రం, చక్రం చుట్టూ నిలువు కంతలున్న ఉక్కు కడియం ఉంటాయి. చక్రానికీ కడియానికీ మధ్య గోరు మందం సందు కూడా ఉండదు. సుద్దపొడి, జిగురు, గ్లిజరిను వేసి మామూలు తెడ్డుతో తిప్పితే ఎంతసేపు తిప్పినా ఉండలు ఉండలుగానే ఉంటుంది. అదే సరుకు ఆ చక్రం లోపలికి లాక్కుని, ఆ సన్నని సందులో చీల్చి, కంతల్లోంచి బయటికి చిమ్మేసరికి ఉండన్నది మిగలదు. వెన్నలా నునుపైన ముద్ద దిగుతుంది. ఆ చక్రం తిరుగుతుంటే గది నేల సన్నగా వణికేది. ఆ వణుకు అరికాళ్లకి తగులుతున్నంతసేపూ కుదురమ్మకి ప్రాణం హాయిగా ఉండేది. యంత్రం ఆగితేనే ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఆ రోజు పొద్దున పాత్ర కడగాలి. ముందురోజు కలిపిన పేస్టంతా సాయంత్రానికల్లా ట్యూబుల్లోకి ఎక్కేసింది. పెట్టెలు కట్టి, లారీలోకి ఎక్కించడానికి వరండాలో పేర్చారు. కుదురమ్మ యంత్రానికి కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. మూత పైకి లేపింది. రాత్రంతా నీళ్లలో నానిన చక్రాన్ని బ్రష్షుతో రుద్ది, చేతి తొడుగు తీసి, ఒక్కొక్క పన్ను మీదుగా వేలు పోనిచ్చింది. ఎక్కడైనా పేస్టు గట్టిపడి అంటుకుని ఉంటే కంటికి కనపడకపోయినా వేలికి తెలుస్తుంది. అలా పోనిస్తుంటే వేలు ఒకచోట జారి కిందికి దిగింది.

టార్చి వేసి చూసింది. ఒక పంటి కొస లేదు. చిక్కుడుగింజలో సగమంత ముక్క విరిగిపోయింది. విరిగిన చోట ఉక్కు తళతళ మెరుస్తోంది.

కుదురమ్మ పాత్ర అడుగంతా తడిమింది. కడిగిన నీళ్లని గుడ్డలో వడకట్టింది. పేస్టు బయటికి పోయే గొట్టం విప్పి లోపల చెయ్యి పెట్టి చూసింది. ముక్క లేదు. అసలైతే ఆ గొట్టం చివర స్టీలు జల్లెడ ఉండాలి. కొత్త రకం పేస్టు మరీ చిక్కగా ఉండి మాటిమాటికీ జల్లెడ పూడుకుపోతోందని కొన్నాళ్ల క్రితమే తీసేశారు. అంటే ఆ ముక్క ట్యూబుల దాకా నిక్షేపంగా పోగలదు.

బయట వరండాలో లారీ వెనక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. కుదురమ్మ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తడి చేతులతోనే పరిగెత్తి లారీకి అడ్డంగా నిలబడింది. పెట్టెలు మోసేవాళ్లు ఈవిడకేమైందన్నట్టు చూశారు. "దించండి. ఎక్కించినవి కూడా దించండి," అంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పేంత ఊపిరి ఆవిడ దగ్గర లేదు.

కబురు విని కెమిస్టు వచ్చింది. చిన్న వయసు, పద్ధతైన పిల్ల. చక్రం చూసి, విరుపు ఇంకా మెరుస్తోంది కాబట్టి ఇది నిన్నటి పేస్టులోనే విరిగిందని చెప్పింది. గొట్టం చివర జల్లెడ లేని చోటు చూసి ఆమె మొహం పాలిపోయింది. దాన్ని తీయించింది తనే. ఆ మాట దాచకుండా, ఫ్యాక్టరీ యజమాని రాగానే ఆయనతో ముందుగా అదే చెప్పింది.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయాసం మనిషి, ఎక్కువ మాట్లాడడు. చక్రం బిగించే ఫిట్టరుని పిలవమన్నాడు. ఆ ఫిట్టరు కుదురమ్మకి సొంత మరిది. భర్త తమ్ముడు. ఆవిడే పెద్దాయనతో మాట్లాడి అతన్ని పనిలో పెట్టించింది. పనిమంతుడు, నెమ్మదస్తుడు. ఆవిడ పది మాటలు మాట్లాడితే అతను ఒకటి మాట్లాడతాడు.

కిందటి వారం చక్రం విప్పి మళ్లీ బిగించినప్పుడు పళ్లన్నీ బాగానే ఉన్నాయా అని పెద్దాయన అడిగాడు. మరిది తల ఎత్తలేదు. బాగానే ఉన్నాయన్నాడు. అంతలోనే, సరిగ్గా చూసి ఉండకపోవచ్చు, ముక్క ఎప్పుడో విరిగి కడుగు నీళ్లతో కాలవలోకి పోయి ఉండొచ్చు అన్నాడు. తిట్లు పడతాయని భయపడుతున్నాడనుకుంది కుదురమ్మ. ఆవిడకి జాలి కూడా వేసింది.

పెద్దాయన కాసేపు ఆయాసపడి అన్నాడు: "జనం నోట్లో పెట్టుకునే సరుకమ్మా ఇది. అయి ఉండొచ్చు, పోయి ఉండొచ్చు అని పంపించలేం. అన్నీ విప్పండి."

విప్పడమంటే మాటలు కాదు. ఆ ఉక్కు అయస్కాంతానికి అంటుకునే రకం కాదు. ట్యూబు లోపల రేకు పొర ఉంటుంది కాబట్టి లోహాన్ని పసిగట్టే పరికరం పెట్టినా ఉపయోగం లేదు. ట్యూబు తోక కత్తిరించాలి, పేస్టుని జల్లెడ మీదకి పిండాలి, గరిటెతో రుద్ది కిందికి దించాలి. పెట్టెలు పేర్చి గోడలా ఉన్నాయి. ఆఫీసులో వాళ్లతో సహా అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. పెద్దాయన కూడా ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదట్లో నవ్వులాటగానే సాగింది. పళ్లు తోమే సరుకు చేసేదానికే పన్ను ఊడిందని ఒకరంటే, కట్టుడు పన్ను చేయించి పెడదామని ఇంకొకరన్నారు. ఎండ ఎక్కేకొద్దీ నవ్వులు తగ్గాయి. పుదీనా ఘాటుకి కళ్లు మండాయి, ముక్కులు కారాయి. చేతులు మోచేతుల దాకా సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పెట్టెల గోడ మాత్రం కరిగినట్టే కనిపించలేదు. మరిది ఒక చివర కూర్చుని తలవంచుకుని ట్యూబులు పిండుతున్నాడు.

కుదురమ్మ ఒకచోట నిలవలేకపోయింది. ఒక జల్లెడ దగ్గర కాసేపు పిండేది, లేచి ఇంకో జల్లెడలోకి తొంగిచూసేది, కాలవ దగ్గరికి వెళ్లి వచ్చేది. నువ్వు తిరుగుతుంటే మాకు కళ్లు తిరుగుతున్నాయి, కూర్చోవే తల్లీ అని విసుక్కున్నారు. కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంది ఆవిడకి. పేస్టు కలిపేటప్పుడు చప్పుడేమైనా మారిందా? నేల అదిరిందా? నిన్నటి రోజంతా తిరగేసి తిరగేసి చూసుకుంది. ఏమీ గుర్తురాలేదు. చిక్కని ముద్దలో ఉక్కు విరిగినా చెవికి అందదు కాబోలు.

ట్యూబులు నింపే మెషీను దగ్గర పనిచేసే ఆవిడని రేడియో అంటారు. పొద్దున ఆన్ అయితే సాయంత్రానికి గానీ ఆగదు. ఆ రోజు కూడా పేస్టు పిండుతూనే ఏదో చెప్పుకుపోతోంది. నిన్నటి నుంచి తనకి అచ్చిరావడం లేదట. మధ్యాహ్నం గొట్టం మూతి పూడుకుపోయి చచ్చే చావైందట. ఈ పేస్టు చిక్కదనానికి దండం పెట్టాలట.

కుదురమ్మ ఆగింది. "ఏ గొట్టం?"

"ట్యూబులోకి పేస్టు దిగే గొట్టమే. సగం సగం దిగడం మొదలెట్టింది. స్పానరు పెట్టి రెండు తగిలించా. దెబ్బకి దారికొచ్చింది."

"సగం దిగిన ట్యూబులేం చేశావ్?"

"ఏం చేస్తాను? వాటితో పాటు అటూ ఇటూ ఉన్నవి కూడా తీసి బుట్టలో..."

రేడియో మాట మధ్యలోనే ఆగిపోయింది. అది అంతకుముందు ఎవరూ చూడని వింత. కానీ నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

వంకర పోయినవీ సరిగా నిండనివీ గేటు దగ్గర బుట్టలో వేస్తారు. సాయంత్రం ఇంటికెళ్తూ కావలసినవాళ్లు తీసుకోవచ్చు. ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటది. పూడిన గొట్టంలో అడ్డంపడింది ఆ ముక్కే అయితే, అది ఈ పెట్టెల్లో లేదు. వీళ్లలో ఎవరింట్లోనో పళ్లు తోముకునే చోట ఉంది.

నిన్న బుట్టలోంచి కుదురమ్మ కూడా రెండు తీసింది. ఒకటి తన సంచిలో వేసుకుని, ఇంకొకటి పక్కన నడుస్తున్న మరిది చేతిలో పెట్టింది.

ముందు ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది. పేస్టు ముట్టుకోవద్దు, అందులో ఇనపముక్క ఉండొచ్చు అని చెబితే, ఉన్న నాలుగు సొంత పళ్లనీ నీ ఫ్యాక్టరీకి రాసివ్వమంటావా అని ఆవిడ గయ్యిమంది. మనవరాలు పొద్దున అదే పేస్టుతో తోముకుని కాలేజీకి వెళ్లిందనీ, దానికేమీ కాలేదనీ చెప్పింది. టీ వడపోసే జల్లెడలోకి ట్యూబంతా పిండి చూడమని కుదురమ్మ అడిగింది. ఫోను పక్కన పెట్టిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, గొణుగుడు వినిపించాయి. చాలాసేపటికి, ఏమీ లేదు, నా టీ జల్లెడకి మాత్రం ఇక జన్మలో పుదీనా వాసన పోదు అని వినిపించింది.

నిన్న బుట్టలోంచి తీసుకున్నవాళ్లు చేతులెత్తమని కెమిస్టు అడిగింది. సగం మంది ఎత్తారు. కొందరు ఇళ్లకి ఫోన్లు చేశారు. ఫోను ఎత్తనివాళ్ల ఇళ్లు మిగిలాయి. మరిది చెయ్యెత్తలేదు. కుదురమ్మ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా గుర్తుచేసింది. మాది ఇంకా తెరవలేదు వదినా, సాయంత్రం తెచ్చేస్తానన్నాడు.

ఫ్యాక్టరీ వ్యాను ఎక్కి కుదురమ్మ ఇంటింటికీ బయల్దేరింది. డ్రైవరు ఇరుకు సందుల్లో హారను కొట్టుకుంటూ పోతుంటే ఆవిడ ముందుసీట్లో అంచున కూర్చుని, ప్రతి మలుపుకీ తలుపు పిడి మీద చెయ్యి వేసేది. ఒక ఇంట్లో ముసలాయన, నా పేస్టు నువ్వెందుకు పట్టుకుపోతావని ట్యూబుని గుప్పిట్లో దాచేశాడు. కోడలు బతిమాలితే గానీ ఇవ్వలేదు. ఒక ఇంటికి తాళం వేసి ఉంటే, ఆ ఇల్లాలు పనిచేసే కొట్టు వెతుక్కుంటూ వెళ్లి, ఆమెను వెంటబెట్టుకొచ్చి తలుపు తీయించింది. ఇంకో ఇంట్లో ఆ పేస్టుతో వెండి గిన్నె తోముతున్నారు. గిన్నె మీద గీతలేమైనా పడ్డాయా అని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పడలేదు. ప్రతి ఇంట్లోనూ అక్కడికక్కడే జల్లెడలోకి పిండింది. ప్రతిసారీ ముక్క దొరికితే బాగుండుననీ అనిపించేది, ఆ ఇంట్లో దొరకకూడదనీ అనిపించేది.

తిరిగొచ్చే దారిలోనే మరిది ఇల్లు. సాయంత్రం తెస్తానన్నాడు కదా, పోనీలెమ్మని డ్రైవరు అన్నాడు. సాయంత్రం దాకా ఆగే ఓపిక ఆవిడకెక్కడిది? దిగి తలుపు తట్టింది.

తోటికోడలు తలుపు తీసి, ఇంత ఎండలో వచ్చావేంటక్కా అని మంచినీళ్లిచ్చింది. సంగతి విని తెల్లబోయింది.

"తెరవకపోవడమేంటి? పొద్దున మా చిన్నాడు దాంతోనే తోముకున్నాడు. వాడి తర్వాత ఆయన తోముకుంటూ ఉన్నట్టుండి ఉమ్మేశారు. అరచేతిలోకి ఏదో తీసుకుని చాలాసేపు చూశారు. ఏంటంటే, పేస్టు పాడైంది, ఫ్యాక్టరీలో చూపిస్తానని ట్యూబు కూడా పట్టుకుపోయారు. టిఫిన్ కూడా తినలేదు."

కుదురమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ తలవంచుకుని పేస్టు పిండుతున్న మరిది ఆవిడ కళ్లముందు మెదిలాడు. ఆ తెల్లటి చేతులూ, ఆ వంచిన మెడా. ఆవిడ నీళ్లు తాగకుండానే గ్లాసు పెట్టేసింది. తోటికోడలితో ఒక్క మాటే చెప్పింది: పిల్లాణ్ణి బడి నుంచి తీసుకొచ్చి సిద్ధంగా ఉండు, ఒకసారి ఆస్పత్రికి వెళ్దాం.

ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు మరిది పనిచేసే చోటు. విప్పిన చక్రాన్ని అక్కడి బల్ల మీదే పెట్టారు. కుదురమ్మ వరండాలో అతని భుజం తట్టి, రమ్మని సైగ చేసి ముందు నడిచింది. షెడ్డులోకి వచ్చాక అతను ఆవిడ మొహం చూశాడు. అడగకుండానే జేబులోంచి కాగితం మడత తీసి బల్ల మీద పెట్టాడు. మడతలో ఉక్కుముక్క ఉంది.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఆవిడ.

"చెబుదామనే వచ్చాను వదినా. వచ్చేసరికి నువ్వు లారీకి అడ్డంగా నిలబడి ఉన్నావు. ఫ్యాక్టరీ అంతా అక్కడే ఉంది. పెద్దాయన పిలిచి అడిగేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఒకసారి అన్నాక దాన్నే పట్టుకుని కూర్చోవాల్సొచ్చింది."

"నీకు భయమెందుకు? విరగ్గొట్టింది నువ్వు కాదుగా."

కిందటి వారం బిగించేటప్పుడు చక్రం చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడిందని అప్పుడు చెప్పాడు. ఎత్తి చూస్తే ఒక పంటి మొదట్లో వెంట్రుకంత గీత కనపడిందట. గీతో, మరకో తేల్చుకోలేక, గుడ్డతో తుడిచి బిగించేశాడట. చుట్టూ ఎవరూ లేరట.

"చిన్నాడు నాకంటే ముందు తోముకున్నాడు వదినా," అన్నాడు. "వాడి బ్రష్షు మీద పడాల్సింది."

కుదురమ్మ షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది, మళ్లీ వచ్చింది. బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు. గరిటెలు జల్లెడల మీద గీరుకుంటున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

మరిది గొంతు తగ్గించాడు. "ఒక పని చేస్తా. ఎవరూ చూడకుండా ఒక జల్లెడలో వేసేస్తా. దొరికిందంటారు. అందరూ లేచి ఇళ్లకి పోతారు. ఎవరికీ ఏమీ పోదు కదా. నీకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆవిడ నిలబడిపోయింది. అందులో అన్యాయం ఎక్కడుందో ఆ క్షణాన ఆవిడకి కనపడలేదు. ముక్క నిజంగానే దొరికింది. అందరి నడుములూ విరిగిపోతున్నాయి. మరిది పని నిలబడుతుంది. తోటికోడలు, అత్తగారు, లారీ మీదున్న భర్త ఎవరూ తలవంచుకోనక్కర్లేదు. ఆవిడ తల ఊపబోయింది. కొంచెం ఊపింది కూడా.

ఊపుతూనే చెయ్యి ఊరుకోలేక ఆ ముక్కని తీసుకుని చక్రం విరుపు మీద ఆనించి చూసింది. ఒక పక్క చక్కగా అతికింది. రెండో పక్క అతకలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. మూలన ఆవగింజంత ఖాళీ ఉంది.

"ఇంకో ముక్కుంది," అంది.

మరిది వచ్చి చూశాడు. చక్రాన్ని తిప్పి, ముక్కని తిప్పి మళ్లీ ఆనించాడు. ఎలా పెట్టినా ఆ ఖాళీ పోలేదు. ఇది జల్లెడలో వేస్తే అందరూ ఇళ్లకి పోతారు. పిండకుండా మిగిలిన పెట్టెలు లారీ ఎక్కుతాయి. ఆవగింజంత ఉక్కు ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. పెట్టెల్లో ఉందో, బుట్టలోంచి పోయిన ట్యూబుల్లో ఉందో, చిన్నాడి కడుపులోనే ఉందో ఎవరు చెప్పగలరు?

"పద," అంది కుదురమ్మ. "నువ్వే చెప్పు. నేను పక్కనుంటా."

అతను చెప్పాడు. వరండాలో అందరి ముందూ, చక్రం ఒక చేత్తో, కాగితం మడత ఇంకో చేత్తో పట్టుకుని, జారి పడ్డ దగ్గర్నుంచి పొద్దున అరచేతిలోకి ఉమ్మిన దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు. రేడియో తన తెల్లటి చేతుల్ని ఒకసారి చూసుకుని, పొద్దుట్నుంచీ మా పక్కనే కూర్చుని ఎలా పిండావయ్యా అంది. అతను చక్రాన్నీ ముక్కనీ పెద్దాయన ముందు పెట్టాడు.

పెద్దాయన ముక్కని ఆనించి చూశాడు. కెమిస్టు చూసింది. ఇక ఈ సరుకుని ఏ జల్లెడ పట్టినా నమ్మలేమని ఆమె అంది, పొడిపొడిగా ఇంకేం రాలాయో ఎవరికి తెలుసని. మొత్తం పారబోయించండని చెప్పి పెద్దాయన లేచాడు. మరిది వంక చూసి, పిల్లాణ్ణి ముందు ఆస్పత్రిలో చూపించు, మిగతావి రేపు మాట్లాడదాం అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేదని మరిది తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే గది బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. తోటికోడలు మొగుడికీ తనకీ మధ్య కుదురమ్మని కూర్చోబెట్టుకుంది. పిల్లాడికి ఒంట్లో ఏ బాధా లేదు. బడి ఎగ్గొట్టినందుకు సంబరంగా ఉన్నాడు. వరండాలో చక్రాల కుర్చీని తోసుకుంటూ నర్సుల చేత చీవాట్లు తింటున్నాడు.

తోటికోడలు గొంతు పెంచకుండా మొగుణ్ణి అడిగింది. "పెద్దాయనకి చెప్పడానికి భయమేసింది, సరే. పొద్దున నేను అక్కడే నిలబడి ఉన్నాను కదా. పిల్లాడి నోట్లో కూడా అదే పేస్టు పోయిందని నాకెందుకు చెప్పలేదు?"

వాడు గంతులేస్తూ బడికి పోయాడు కదా అని మరిది నేల చూస్తూ గొణిగాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

డాక్టరు ఫిల్ము వెలుతురులో పట్టి చూపించాడు. కడుపులో ఏమీ లేదు. ఇంకో రెండ్రోజులు గమనించమన్నాడు. తోటికోడలు అప్పుడు ఏడ్చింది. మరిది ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోతే పక్కకి జరిగింది. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

మరిది తెచ్చిన ట్యూబు పిండి చూసినా ఆవగింజంత ముక్క ఎప్పటికీ దొరకలేదు. పారబోసిన పేస్టులో పోయిందనే అందరూ అనుకున్నారు. పెద్దాయన మరిదిని తీసెయ్యలేదు గానీ, యంత్రాల జోలికి పోనివ్వకుండా కొన్నాళ్లు గోదాములో పెట్టెలు మోయించాడు. గొట్టం చివర జల్లెడ మళ్లీ వచ్చింది. బుట్ట అలవాటు ఆగిపోయింది. దానికి మాత్రం కొందరు కుదురమ్మ మీద మొహం మాడ్చుకున్నారు. అత్తగారు ఇంట్లో కొనుక్కొచ్చిన పేస్టుని కూడా బ్రష్షు మీద వేసి, వేలితో మెదిపి చూసి గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

కొత్త చక్రం వచ్చిన రోజున పెద్దాయన మరిదినే పిలిచి బిగించమన్నాడు. అతను బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, చక్రం దాని మీద పెట్టి, ఒక్కొక్క పన్నూ టార్చి వేసి చూసి, కెమిస్టుని పిలిచి చూపించి, తర్వాత కుదురమ్మని పిలిచాడు. ఆవిడ వేలు పోనిచ్చి చూసి బాగుందంది.

ఆ సాయంత్రం తోటికోడలు పిల్లాణ్ణి తీసుకుని ఇంటికొచ్చింది. ఆయనతో ఇప్పుడిప్పుడే కాస్త మాట్లాడుతున్నానని చెప్పింది. నువ్వు లేకపోతే ఆయన ఎప్పటికీ నోరు విప్పేవాడు కాదు, నీ రుణం తీర్చుకోలేనక్కా అంది. వంటింట్లో నిలబడి వింటున్న కుదురమ్మకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. షెడ్డులో సంగతి ఆవిడ ఇంతవరకు భర్తకి కూడా చెప్పలేదు.

"నేనూ తలూపాను," అంది. "జల్లెడలో వేసేస్తానని మరిది అంటే సరేనన్నట్టు తలూపాను. ఆ ముక్క సరిగ్గా అతికుంటే, నేనూ నోరు మూసుకుని నీ ఎదురుగా నిలబడేదాన్నేమో."

తోటికోడలు ఆవిడ వంక చాలాసేపు చూసింది. పిల్లాడు ముందుగదిలో నానమ్మతో పోట్లాడుతున్నాడు. చివరికి ఆమె గట్టు మీదున్న కూరగాయలు తన వైపు లాక్కుని, కత్తిపీట ఎక్కడుందక్కా అని అడిగింది.